మూడో ట్యాంకు లెక్క

ఆదివారం

ఫ్యాక్టరీలో మళ్లీ చేరి రేపటికి రెండు వారాలు. అత్తయ్య నా ముఖం వంక చూసి, "ఏంటమ్మాయ్, పరీక్షకి పోయే పిల్లలా ఉన్నావు?" అంది. ఏం లేదన్నాను. నిజంగానే ఏం లేదు. పాప పుట్టాక ఆరేళ్లు ఇంట్లో ఉన్నంత మాత్రాన చదివిన కెమిస్ట్రీ ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోలేదు.

సోమవారం

మూడో ట్యాంకు నిన్నటికంటే దాదాపు రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది.

చూసింది బాబాయి. ట్యాంకుల దగ్గర డ్యూటీ ఆయనది. ఫ్యాక్టరీలో అందరికీ బాబాయే, మేనేజరుకి కూడా. పొద్దున నేను లాబ్ తాళం తీస్తుంటే వచ్చి, "అమ్మా, నిన్న ఇరవై తొమ్మిది. ఇవాళ ముప్పై ఒకటి. నాకెందుకో మనసొప్పట్లేదు" అన్నాడు.

మేనేజరు గారికి చెప్పాను. ఆయన్ని వెనకాల అందరూ 'పరవాలేదు గారు' అంటారు. గోడ కూలినప్పుడు కూడా ఆ మాటే అన్నారట.

"పరవాలేదు మేడమ్, ఎండలు" అన్నారు.

ఎండలే అయ్యుంటాయి. రెండు నెలలుగా ఫ్యాక్టరీ మూసి ఉంది. శుక్రవారం యజమానులొచ్చి తెరుస్తారు, ఆ ఏర్పాట్లకే మమ్మల్నందర్నీ ముందుగా పిలిచారు. ఈ లోపు కొత్తగా చేరిన మనిషి లేనిపోని గొడవ ఎత్తుకోవడం దేనికి?

రెండో ట్యాంకు కూడా ఆ ఎండలోనే ఉంది. అది అర డిగ్రీ కూడా పెరగలేదు.

భోజనాల దగ్గర పాప అడిగింది, ట్యాంకులో ఏముంటుందని. నీళ్లలాంటి మందు ఉంటుందన్నాను. అందులో కంటికి కనపడని పిల్లలు కోట్లమంది ఉంటారు. ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని పొడుగాటి గొలుసు కడితే జిగురవుతుంది. చెయ్యి పట్టుకున్నప్పుడల్లా కాస్త వేడి పుడుతుంది. వేడెక్కితే ఇంకా తొందర తొందరగా పట్టుకుంటారు.

"మరి ఎవరు ఆపుతారు?" అంది.

ఆపే మందు వేరే ఉందని చెప్పాను. దాని పేరు మూరెడు, ఫ్యాక్టరీలో అందరూ 'కళ్లెం' అంటారు. అది ఉన్నంతసేపూ పిల్లలు చేతులు పట్టుకోరు. కానీ అది కొద్దికొద్దిగా అరిగిపోతుంది, మళ్లీ పోస్తూ ఉండాలి.

"ఎప్పుడు పోశారు?"

తినమన్నాను.

మంగళవారం

రెండు నెలలుగా ఎవరూ పొయ్యలేదు. మూసి ఉన్న ఫ్యాక్టరీలో పొయ్యడం ఎవరి పని అన్నది ఎవరికీ తెలీదు. పరీక్ష చేస్తే రెండో ట్యాంకులో ఇంకా సరిపడా ఉంది, మూడో ట్యాంకులో కళ్లెం దాదాపు లేదు. చల్లబరిచే యంత్రాలు రెండింట్లో ఒకటి మరమ్మతుకి విప్పి నేలమీద పరిచి ఉంది. రెండోది ఉన్నా లేనట్టే.

పొద్దున ముప్పై మూడు.

సరే, ఎంత వేగంగా గొలుసు కడుతోందో నేనే కొలుస్తానని కూర్చున్నాను. ట్యాంకులోంచి తెచ్చిన ద్రవం మూడు సీసాల్లో పోసి, నలభై డిగ్రీల నీళ్లలో ఒకటి, యాభైలో ఒకటి, అరవైలో ఒకటి పెట్టాను. గంట గంటకీ ఒక్కో దాంట్లోంచి కాస్త తీసి స్పిరిట్‌లో పోస్తే, గొలుసుకట్టినంత మేరా తెల్లటి పీచులా కిందకి దిగుతుంది. దాన్ని వడగట్టి, ఆరబెట్టి, తూకం వెయ్యడం. ఎంత మారింది, ఎంతసేపట్లో మారింది. దీన్ని దానితో భాగిస్తే రేటు. అంతే కదా! అంత చిన్న సంగతికి నిన్నంతా గుండె ఎందుకు కొట్టుకుందో.

మూడు వేడిమిలకి మూడు రేట్లు వచ్చాయి. పది డిగ్రీలు పెరిగితే రేటు మూడింతలవుతోంది. రేట్లకి లాగ్ తీసి, వేడిమిని కెల్విన్‌లోకి మార్చి తలకిందులు చేసి, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టాను. స్కేలు ఆనించాను.

మూడు చుక్కలూ ఒకే గీత మీద ఉన్నాయి.

లాబ్‌లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. కిటికీ అవతల బాబాయి ఉలిక్కిపడ్డాడు. ఆరేళ్ల తర్వాత! ఒకే గీత మీద!

ఆ గీతని వెనక్కి పొడిగిస్తే ట్యాంకు వేడిమి దగ్గర రేటు దొరికింది. రోజుకి రెండు డిగ్రీల పైచిలుకు. అరవై డిగ్రీలు దాటితే ప్రమాదం. ఈ లెక్కన దాదాపు రెండు వారాలు టైముంది. అంతలోకి విప్పిన యంత్రం బాగవుతుంది, ఫ్యాక్టరీ నడుస్తుంది, సరుకు ఖర్చవుతుంది. మేనేజరు గారికి చెప్పాను. "చూశారా, పరవాలేదన్నానా?" అన్నారు. నాకూ హాయిగా అనిపించింది.

రెండు వారాలు. చాలా టైము.

బుధవారం, పొద్దున

ముప్పై ఐదు ఉండాలి. ముప్పై ఆరున్నర దగ్గర ఉంది.

లెక్క తప్పు. గీత తప్పు కాదు, నేను దాన్ని వాడిన తీరు తప్పు. ట్యాంకు రెండు వారాలూ ఒకే వేగంతో వేడెక్కుతుందనుకున్నాను. అది వేడెక్కేకొద్దీ వేగం పెరుగుతుందని నిన్న నా చేత్తో నేనే కొలిచి, సాయంత్రానికి మర్చిపోయాను. మర్చిపోలేదు. రెండు వారాలు అనే మాట బావుందని అక్కడే ఆగిపోయాను.

మళ్లీ వేశాను. ఈసారి కొన్ని గంటలకోసారి ఆగి, అప్పటి వేడిమికి కొత్త రేటు, ఆ రేటుతో కొత్త వేడిమి, మళ్లీ దానికి రేటు. రేపు పొద్దున నలభై ఒకటి. ఎల్లుండి పొద్దున యాభై దాటుతుంది. శుక్రవారం సాయంత్రం దగ్గర అంకెలు కాగితం మీంచి ఎగిరిపోయాయి.

మూడుసార్లు వేశాను. మూడుసార్లూ శుక్రవారం సాయంత్రమే.

ఫ్యాక్టరీ వెనక గోడ దాటితే మా వీధి.

బుధవారం, సాయంత్రం

మీటింగులో జరిగింది జరిగినట్టు రాయాలి.

"సార్, శుక్రవారం సాయంత్రానికి మూడో ట్యాంకు మన చేతిలో ఉండదు. ఇవాళే కళ్లెం పోసెయ్యాలి" అన్నాను.

"నిన్న మీరే కదా మేడమ్ రెండు వారాలన్నారు?"

"నిన్న తప్పు చెప్పాను."

"మరి రేపొచ్చి ఇవాళ చెప్పింది తప్పు అనరని ఏంటి నమ్మకం?"

మరమ్మతుల ఇంజనీరు చేతి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. మేనేజరు గారు గొంతు తగ్గించారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "అంత మందు ఒక్కసారి పోస్తే ఆ సరుకు జిగురుకి పనికిరాదు. ఎల్లుండి యజమానులొస్తే ఏం చూపించమంటారు? ఆరేళ్లు ఇంట్లో పిల్లని ఆడించి వచ్చారు. ఇప్పుడు మీ లెక్కలతో మమ్మల్ని ఆడిస్తున్నారు."

ఏడుపొచ్చింది. రాలేదు. వచ్చింది, కానీ బయటికి రానివ్వలేదు.

"అయితే నేను ముందే చెప్తాను, మీరు చూడండి" అన్నాను. "ఆ ట్యాంకులో ద్రవమే ఒక ఫ్లాస్కులో పోస్తాను. ట్యాంకు కంటే ఏడు డిగ్రీలు ఎక్కువతో మొదలుపెడతాను. అంటే ట్యాంకు చెయ్యబోయేది అది ముందు చేస్తుంది. నా లెక్క నిజమైతే రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి అటూ ఇటూగా పొంగి గడ్డకడుతుంది. కాకపోతే ఇక ఈ మాట ఎత్తను."

"గడ్డ కట్టకపోతే?"

"శుక్రవారం నా రాజీనామా మీకే ఇస్తాను."

ఆ మాట ఎందుకన్నానో తెలీదు. కానీ మేనేజరు గారు మొదటిసారి కుర్చీలో ముందుకి జరిగారు. "రేపు ఒంటిగంట దాకా అయితే పరవాలేదు" అన్నారు. లాబ్ తలుపు మీద సుద్దముక్కతో పెద్దక్షరాలతో రాశాను: గురువారం మధ్యాహ్నం ఒంటిగంట.

ఫ్లాస్కు కోసం ఇంటికి పరిగెత్తాను. ఉన్నది ఒక్కటే, అత్తయ్య టీ పోసుకునేది.

"దేనికే?"

"ప్రయోగానికి."

"తిరిగొస్తుందా?"

"రాదు అత్తయ్యా."

ఒక్క క్షణం ఆలోచించి, లోపల ఉన్న టీ రెండు గుక్కల్లో తాగేసి ఇచ్చింది.

ఫ్లాస్కుని ఖాళీ స్థలంలో ఇసుక బస్తాల మధ్య నీళ్ల తొట్టిలో పెట్టాం. లోపల వేడెక్కినంత మేరా బయట నీళ్లూ వేడి చెయ్యాలి, లేకపోతే వేడి బయటికి జారిపోయి లెక్క చెడుతుంది. "అదెంత పని, చంటిపిల్లకి నీళ్లు కాచినట్టే కదా" అన్నాడు బాబాయి. రాత్రి షిఫ్టు వాళ్లు వంతులేసుకుని చూస్తామన్నారు.

మా ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. విషయమంతా విని మెల్లగా, "నీ లెక్క తప్పయితే బావుండునని అనుకుంటున్నావా?" అన్నారు.

"లేదు" అన్నాను.

పాప పడుకున్న వైపు చూసి, "అనుకుంటున్నాను" అన్నాను.

గురువారం

ముందు నుంచి రాస్తాను.

పొద్దున ట్యాంకు నలభై ఒకటి. చెప్పినంతే. ఫ్లాస్కు అరవై ఒకటి. అదీ చెప్పినంతే. బాబాయి రెండంకెలూ చదివి నా వంక చూశాడు.

పన్నెండింటికి ఖాళీ స్థలం చుట్టూ జనం. ప్యాకింగు వాళ్లు, డ్రైవర్లు, వంటమనిషి, రుమాలు ఇంజనీరు. అందర్నీ తాడు అవతలే ఉంచాను. ఫ్లాస్కు డెబ్భై మూడు. మేనేజరు గారు గొడుగు వేసుకుని వచ్చారు.

పన్నెండున్నర. డెబ్భై తొమ్మిది.

ఒంటిగంట అయింది. ఏమీ కాలేదు.

ఎవరో, "మేడమ్ గడియారం ముందుందేమో" అన్నారు. నవ్వులు. నేను కాగితం వంక చూడలేదు. చూసి ఏం లాభం? వెయ్యాల్సిన లెక్క ఎప్పుడో వేసేశాను. రాజీనామా గుర్తొచ్చింది. అది గుర్తు రాగానే ఇంకోటీ అనిపించింది: పొరపాటున ఫ్లాస్కు ఊరుకున్నా ట్యాంకు ఊరుకోదు. అప్పుడు నా మాట వినేవాళ్లు కూడా ఉండరు.

"ఎనభై ఎనిమిది" అన్నాడు బాబాయి. కాసేపు ఆగి, "తొంభై ఐదు." ఆయన గొంతు మారింది. "నూట పది... అమ్మా, ముల్లు పరిగెడుతోంది!"

"వెనక్కి రండి బాబాయ్!"

ఆయన తాడు దాటీ దాటకముందే ఫ్లాస్కు మూత ఎగిరింది. తెల్లటి పొగ బుస్సుమంటూ నిటారుగా లేచింది. తొట్టిలో నీళ్లు సలసలా మరిగి బస్తాల మీద చిమ్మాయి. ముక్కు పగిలిపోయే వాసన.

ఒంటిగంటా పది నిమిషాలు.

పొగ తగ్గాక బాబాయి పొడుగాటి కర్రతో పొడిచాడు. టక్కుమని రాయి మీద కొట్టినట్టు మోగింది. నీళ్లలాంటిది రాయయింది. అది ఒక్క ఫ్లాస్కు. ట్యాంకులో నలభై టన్నులు.

మేనేజరు గారు గొడుగు కింద పడేసి నా దగ్గరికొచ్చారు. ముఖంలో నెత్తురు లేదు. "నేను పొద్దుటి నుంచీ మీరు ఓడిపోవాలని చూస్తున్నాను" అన్నారు. "ఏం చెయ్యాలో చెప్పండమ్మా. మీరు చెప్పింది చేస్తాం."

ఆ మాట జీవితాంతం దాచుకుంటాను.

ఎంత కళ్లెం పొయ్యాలో నా దగ్గర లెక్క ఉంది. గోడౌనులో డ్రమ్ములున్నాయి. కలిపే పంపు మాత్రం తిరగలేదు. గొట్టంలో అప్పుడే సగం జిగురు కట్టుకుపోయింది. పైనుంచి ఊరికే పోస్తే కళ్లెం పైనే ఉండిపోతుంది, అడుగున పని అడుగున జరుగుతూనే ఉంటుంది. అందరూ నా వంక చూశారు. నాకేం తోచలేదు. నిజంగా ఏమీ తోచలేదు.

రుమాలు ఇంజనీరు ముందుకొచ్చాడు. "అడుగు వాల్వుకి గాలి గొట్టం బిగిస్తాను. కింద నుంచి గాలి కొడితే మొత్తం తెర్లుతుంది. అది చాలా మీకు?"

"చాలు! కళ్లెం పనిచెయ్యడానికి గాలి కూడా కావాలి!"

"అయితే నిన్న నవ్వినందుకు ఇది" అని పరిగెత్తాడు.

ఇంటికి కబురు పంపాను. వీధి ఖాళీ చెయ్యించాలి, మేనేజరు గారే పోలీసులకి ఫోన్ చేశారు. వాళ్లొచ్చేసరికి సగం వీధి కదిలిపోయిందట. అత్తయ్య ఇంటింటికీ వెళ్లి, "మా కోడలు చెప్పింది, లేవండి" అంది. ఎందుకని అడిగినవాళ్లకి, "నాకేం తెలుసు? లెక్క దానిది, నడక మనది" అందట. మా ఆయన ఈల ఊదుకుంటూ ముందు నడిచి అందర్నీ బడి మైదానంలోకి చేర్చారు. ముసలివాళ్లని కుర్చీల్లో మోశారు. పాప ఆ మోసేవాళ్లకి కూడా "లెఫ్ట్, రైట్" చెప్పిందట.

నాలుగు గంటలకి చివరి డ్రమ్ము పడింది. నలభై నాలుగు.

నలభై ఐదు.

నలభై ఐదున్నర. బాబాయి అంకె చదవడం మానేసి నాకు చూపించడం మొదలుపెట్టాడు. మేనేజరు గారు, "పెరుగుతూనే ఉంది కదమ్మా?" అన్నారు.

"పెరగడం కాదు సార్, ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. ఇందాక మూడు గంటల్లో డిగ్రీ. ఇప్పుడు మూడు గంటల్లో అర డిగ్రీ. వేగం తగ్గుతోంది. కళ్లెం పడింది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ మాట చెప్పేటప్పుడు నేను భయపడలేదు.

ఆ తర్వాత నలభై ఆరు. నలభై ఆరే. మళ్లీ చూశాం, నలభై ఆరే.

బాబాయి థర్మామీటరుని వేలితో తట్టి చూశాడు, పాడైపోయిందేమోనని.

శుక్రవారం

తెల్లారేసరికి నలభై మూడు. మధ్యాహ్నం నలభై ఒకటి.

సాయంత్రం నేను లెక్కగట్టిన వేళకి ట్యాంకు మెట్లెక్కి నిలబడ్డాను. బాబాయి కిందనే ఉన్నాడు, దిగమని కూడా అనలేదు. పైనుంచి గోడ అవతల మా వీధి కనిపిస్తుంది. పోలీసులు సరేనన్నాక జనం మధ్యాహ్నమే ఇళ్లకి తిరిగొచ్చారు. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు వంతు గురించి పోట్లాడుకుంటున్నారు. ఒకాయన సైకిలు తలకిందులు చేసి చైను ఎక్కిస్తున్నాడు. మా మేడ మీద అత్తయ్య ఆరిన బట్టలు తీస్తోంది.

ఏమీ జరగలేదు.

ఎంత బావుందో, ఏమీ జరగకపోవడం. నలభై డిగ్రీలు అని కిందకి అరిచాను. అరవాల్సిన పని లేదు, బాబాయి మెట్ల కిందే ఉన్నాడు. అయినా అరిచాను.

శనివారం

యజమానులు ఒకరోజు ఆలస్యంగా ఇవాళ వచ్చారు. ముగ్గురు. పెద్దాయనకి చేతికర్ర ఉంది. సరుకు పోయిందని చిన్నవాళ్లిద్దరూ ముఖాలు చిట్లించారు. మేనేజరు గారు వాళ్లని తిన్నగా ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లి ఆ ఫ్లాస్కు రాయి చూపించారు. "ఆవిడ బుధవారమే చెప్పారు. నేను వినలేదు. గురువారం విన్నాను. అదీ ఇది పేలాక" అన్నారు. దాచలేదు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

పెద్దాయన నా వైపు తిరిగారు. "గంటతో సహా చెప్పావటగా? ఎలా తెలిసింది?"

"లెక్క వేశానండీ."

"నాకు అర్థమయ్యేలా చెప్పగలవా? నేను పెద్దగా చదువుకోలేదు."

కాగితాలు లాబ్‌లో ఉన్నాయి. తెస్తానన్నాను. ఎందుకో ఆగిపోయాను. వద్దు, అక్కర్లేదు. సుద్దముక్క అడిగాను.

గోదాము గోడ నల్లగా, వెడల్పుగా ఉంటుంది. దాని మీద మొదలుపెట్టాను. ఎంత మారింది, ఎంతసేపట్లో మారింది. దీన్ని దానితో భాగించడం. మూడు వేడిమిలు, మూడు రేట్లు, మూడు చుక్కలు. స్కేలు లేదు. బాబాయి తన కొలత కర్ర తెచ్చి ఆనించి పట్టుకున్నాడు. గీత గీశాను. ప్యాకింగు వాళ్లు పని ఆపి వచ్చి నిలబడ్డారు. ఎవరో వెనకనుంచి, "రెండు వారాలని మొదట ఎందుకు వచ్చిందమ్మా?" అని అడిగారు. ఆ తప్పు కూడా గోడ మీద వేసి చూపించాను: ఇదిగో, ఇక్కడ, వేగం మారదనుకున్నాను. "అందరం అలాగే అనుకుంటాం" అన్నారు పెద్దాయన.

తర్వాత మెట్టు మెట్టుగా. ఈ వేడిమికి ఈ రేటు, ఈ రేటుకి ఈ వేడిమి. లాగులు నోటికొచ్చాయి. ఎక్కడా తడబడలేదు. గోడ అయిపోతే పక్క గోడకి వెళ్లాను. శుక్రవారం సాయంత్రం దగ్గరికి వచ్చి, చివరి అంకె వేసి, కింద రెండు గీతలు గీశాను.

పెద్దాయన చేతికర్ర చంకలో పెట్టుకుని ఆ అంకె వంక చాలాసేపు చూశారు. "ఇక నుంచి ఏ ట్యాంకు నింపాలన్నా, ఆపాలన్నా ఈవిడ మాటే" అన్నారు మేనేజరుతో. "అంతకంటే ఏం కావాలండీ" అన్నారు మేనేజరు గారు.

నాకు రెండు చేతులూ సుద్దపొడి. చీర మీద కూడా. వెనక్కి తిరిగి చూస్తే ఫ్యాక్టరీ మొత్తం అక్కడే ఉంది.

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలీదు. చాలాసేపు కొట్టారు. మామూలుగా అయితే అయ్యో చాలు చాలు అనేదాన్ని.

అనలేదు.